పాత డెస్క్‌టాప్‌కు కొత్త ఎస్‌ఎస్‌డీ: సొంతంగా అమర్చుకోవాలంటే ఏమేం తెలిసి ఉండాలి?

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ అందించే సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. దాంతో ఇళ్లలో, డీటీపీ కేంద్రాల్లో, ఫొటో స్టూడియోల్లో, చిన్న కార్యాలయాల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న డెస్క్‌టాప్‌లను ఉంచుకోవాలా, మార్చాలా అన్న ప్రశ్న ఎదురవుతోంది. వాటిలో చాలావాటిపై ఉన్న ప్రధాన ఫిర్యాదు ఒక్కటే: వేగం తగ్గిపోయింది. ఆ లోపానికి కారణం తరచూ యంత్రం మొత్తం కాదు, అందులోని హార్డ్ డిస్క్ మాత్రమే.

డిస్క్‌ను మార్చడానికి ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు. ఒక స్క్రూడ్రైవర్, కొంత ఓపిక ఉంటే అరగంటలో అమర్చవచ్చు. అసలు కష్టం పాత డిస్క్‌లోని సమాచారాన్ని చెక్కుచెదరకుండా కొత్తదానిలోకి చేర్చడంలోనే ఉంది. డిస్క్ పాడైతే మరొకటి కొనవచ్చు. పిల్లల ఫొటోలు, పదేళ్ల లెక్కలు పోతే కొనుక్కోవడానికి ఏ దుకాణంలోనూ దొరకవు.

హార్డ్ డిస్క్ ఎందుకు నెమ్మదిస్తుంది?

హార్డ్ డిస్క్ మౌలికంగా ఒక యాంత్రిక పరికరం. ఐబీఎం 1956లో విడుదల చేసిన రామాక్ యంత్రంలోని తొలి హార్డ్ డిస్క్‌లో 24 అంగుళాల వ్యాసం గల 50 పళ్లేలు ఉండేవి. అన్నీ కలిపి దాచగలిగింది 50 లక్షల అక్షరాలు. నేటి డిస్క్ అరచేతిలో ఇమిడిపోతున్నా పనిచేసే సూత్రం అదే: అయస్కాంత పూత ఉన్న పళ్లెం తిరుగుతుంది, చదివే ముల్లు దానిపై అటూ ఇటూ కదులుతుంది.

నిమిషానికి 7,200 సార్లు తిరిగే డిస్క్‌కు ఒక చుట్టు పూర్తి కావడానికి సుమారు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అందులో సగం కాలం వేచి ఉండాలి. ముల్లు కదిలే సమయం దీనికి అదనం. ఒక పెద్ద సినిమా ఫైలును వరుసగా చదివేటప్పుడు ఈ ఆలస్యం తెలియదు. కానీ విండోస్ ప్రారంభమయ్యేటప్పుడు వేలాది చిన్న ఫైళ్లను వేర్వేరు చోట్ల నుంచి చదవాలి. ప్రతిసారీ కొన్ని మిల్లీసెకన్ల నిరీక్షణ కూడి నిమిషాలవుతుంది.

ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగాలేవీ ఉండవు. సమాచారం ఫ్లాష్ మెమరీ చిప్‌లలో ఉంటుంది. ఎక్కడున్న సమాచారమైనా మిల్లీసెకనులో పదో వంతు కన్నా తక్కువ కాలంలో అందుతుంది.

అయితే డిస్క్ మార్పు అన్ని రోగాలకూ మందు కాదు. టాస్క్ మేనేజర్‌ను తెరిచి చూసినప్పుడు డిస్క్ వాడకం నిమిషాల తరబడి 100 శాతం వద్ద నిలిచి ఉంటే ఎస్‌ఎస్‌డీతో గణనీయమైన మార్పు కనిపిస్తుంది. మెమరీ వాడకమే నిండిపోయి ఉంటే ముందు ర్యామ్ పెంచడం మేలు. అలాగే, విండోస్ 11కు టీపీఎం 2.0, యూఈఎఫ్ఐ, ఆమోదిత ప్రాసెసర్ అవసరం. ఎస్‌ఎస్‌డీ అమర్చినంత మాత్రాన అవి లేని యంత్రానికి ఆ అర్హత రాదు. అలాంటి యంత్రాలపై లైనక్స్ వంటి ప్రత్యామ్నాయాన్ని పరిశీలించవచ్చు.

ఏ రకం సరిపోతుంది?

విపణిలో ప్రధానంగా రెండు ఆకారాల ఎస్‌ఎస్‌డీలు లభిస్తాయి. మొదటిది 2.5 అంగుళాల పెట్టె ఆకారంలో ఉండే శాటా ఎస్‌ఎస్‌డీ. గత పదిహేనేళ్లలో తయారైన దాదాపు ప్రతి డెస్క్‌టాప్‌కూ ఇది సరిపోతుంది. రెండోది మదర్‌బోర్డుపైనే అమరే సన్నని పట్టీ వంటి ఎం.2 రకం. వీటిలో ఎక్కువగా కనిపించే 2280 అనే కొలతకు అర్థం 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. అందులో శాటా పద్ధతిలో పనిచేసేవీ, ఎన్‌వీఎంఈ పద్ధతిలో పనిచేసేవీ ఉన్నాయి. కొన్ని మదర్‌బోర్డుల స్లాట్లు ఒక రకాన్నే స్వీకరిస్తాయి. కాబట్టి కొనే ముందే విండోస్‌లోని సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో మదర్‌బోర్డు లేదా కంప్యూటర్ మోడల్ పేరు చూసి, తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో దాని మాన్యువల్‌ను పరిశీలించాలి. కొన్ని బోర్డులలో ఎం.2 స్లాట్‌ను వాడితే ఒకటి రెండు శాటా పోర్టులు పనిచేయడం మానేస్తాయి. ఆ వివరం కూడా మాన్యువల్‌లోనే ఉంటుంది.

శాటా ఎస్‌ఎస్‌డీ సెకనుకు గరిష్ఠంగా సుమారు 550 మెగాబైట్లు చదవగలదు. మూడో తరం పీసీఐఈపై పనిచేసే ఎన్‌వీఎంఈ దాదాపు 3,500, నాలుగో తరానికి చెందినది దాదాపు 7,000 మెగాబైట్ల వరకు చదవగలవు. అంకెల్లో తేడా పెద్దదే. కానీ రోజువారీ పనుల్లో హార్డ్ డిస్క్ నుంచి శాటా ఎస్‌ఎస్‌డీకి మారినప్పుడు కనిపించే మార్పు, శాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు కనిపించదు. పైగా చాలా పాత బయోస్‌లు ఎన్‌వీఎంఈ డిస్క్ నుంచి కంప్యూటర్‌ను ప్రారంభించలేవు. అలాంటి యంత్రాలకు శాటాయే సరైన ఎంపిక.

ఎంత సామర్థ్యం అవసరం?

విండోస్ 11కు కనీసం 64 జీబీ ఉండాలన్నది మైక్రోసాఫ్ట్ నిబంధన. అప్‌డేట్లకు, ప్రోగ్రాములకు చోటు కావాలి కాబట్టి ఆచరణలో 256 జీబీ కన్నా తక్కువ తీసుకోవడం వల్ల ప్రయోజనం లేదు. విండోస్‌నూ, నిత్యం వాడే ప్రోగ్రాములనూ ఎస్‌ఎస్‌డీపై ఉంచి, ఆరోగ్యంగా ఉన్న పాత హార్డ్ డిస్క్‌ను ఫొటోలు, వీడియోల కోసం కొనసాగించడం ఖర్చు తగ్గించే మార్గం.

1 టీబీ డిస్క్ కొంటే విండోస్‌లో 931 జీబీ మాత్రమే కనిపిస్తుంది. ఇది మోసం కాదు. తయారీదారులు వెయ్యి చొప్పున, విండోస్ 1,024 చొప్పున లెక్కించడం వల్ల వచ్చే తేడా ఇది. 2 టీబీకి మించిన డిస్క్‌ను పూర్తిగా వాడుకోవాలంటే పాత ఎంబీఆర్ విభజన పద్ధతికి బదులు జీపీటీ పద్ధతిని ఎంచుకోవాలి.

కొనేటప్పుడు జాగ్రత్తలు

సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, బెంగళూరులోని ఎస్పీ రోడ్డు, దిల్లీలోని నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ విడిభాగాలకు పేరొందిన చోట్లు. ఎక్కడ కొన్నా డిస్క్ సీరియల్ నంబరును బిల్లుపై రాయించుకోవాలి. వారంటీ కోరేటప్పుడు అదే ఆధారం. చాలా సంస్థలు ఆ నంబరుతో వారంటీని సరిచూసుకునే వీలును తమ వెబ్‌సైట్‌లో కల్పిస్తున్నాయి.

నమ్మశక్యం కానంత తక్కువ ధరకు పెద్ద సామర్థ్యం ఇస్తామంటే అనుమానించాలి. అసలు సామర్థ్యం తక్కువగా ఉన్నా, ఎక్కువగా చూపించేలా మార్చిన నకిలీ డిస్క్‌లు ఉన్నాయి. అవి నిండే కొద్దీ పాత ఫైళ్లు చెడిపోతాయి. కొన్న వెంటనే హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ వంటి ఉచిత పరీక్షా ప్రోగ్రాముతో మొత్తం స్థలాన్ని నింపి చూస్తే ఇది బయటపడుతుంది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ఆ డిస్క్ అప్పటివరకు ఎన్ని గంటలు పనిచేసిందో కనిపిస్తుంది. కొత్తదంటూ అమ్మిన డిస్క్‌పై వేల గంటలు నమోదై ఉంటే అది వాడినదే.

అన్నిటికన్నా ముందు బ్యాకప్

క్యాబినెట్ మూత తీయడానికి ముందే ముఖ్యమైన ఫైళ్లన్నిటికీ మరో ప్రతి సిద్ధం చేయాలి. సమాచార భద్రతలో 3-2-1 అనే సూత్రం ప్రసిద్ధం: మొత్తం మూడు ప్రతులు, రెండు వేర్వేరు రకాల సాధనాలపై, ఒకటి వేరే ప్రదేశంలో. ఇంట్లో అంత వీలుకాకపోయినా ఒక బయటి డిస్క్‌పై పూర్తి ప్రతి తప్పనిసరి. ప్రతి తీశాక అందులోని కొన్ని ఫైళ్లను మరో కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్‌ను నమ్ముకోలేం.

పాత డిస్క్ నుంచి టక్ టక్ మన్న శబ్దం వస్తున్నా, క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో హెచ్చరిక రంగు కనిపిస్తున్నా మొత్తం డిస్క్‌ను నకలు తీసే ప్రయత్నం వెంటనే చేయకూడదు. ఆ శ్రమకే అది పూర్తిగా ఆగిపోవచ్చు. అత్యవసరమైన ఫైళ్లను ముందు తీసుకోవాలి. అదీ వీలుకాకపోతే ఆపివేసి డేటా రికవరీ నిపుణులను సంప్రదించాలి.

విండోస్‌లో బిట్‌లాకర్ పనిచేస్తున్నదీ లేనిదీ చూసుకుని, దాని రికవరీ కీని కాగితంపై రాసి పెట్టుకోవాలి. ఆ కీ లేకుంటే డిస్క్ బాగానే ఉన్నా తెరుచుకోదు.

తెలుగు డీటీపీ పని చేసేవారికి ఒక ప్రత్యేక సమస్య ఉంది. యూనికోడ్‌కు ముందు నాటి అను వంటి ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో తయారైన శుభలేఖలు, పుస్తకాల ఫైళ్లను ఆ ఫాంట్లు లేని చోట తెరిస్తే తెలుగుకు బదులు అర్థం కాని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైళ్లతోపాటు ఫాంట్లు, కీబోర్డు ప్రోగ్రాము, వాటి లైసెన్సు వివరాలను కూడా భద్రపరచాలి. అకౌంటింగ్ ప్రోగ్రాములు తమ డేటాను డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో కాకుండా వేరే చోట దాచుకోవచ్చు. ఆ చోటు ఏదో ముందే తెలుసుకోవాలి.

నకలు తీయాలా, కొత్తగా ఇన్‌స్టాల్ చేయాలా?

పాత డిస్క్‌లో ఉన్నదంతా యథాతథంగా కొత్తదానిలోకి చేర్చడాన్ని క్లోనింగ్ అంటారు. ప్రోగ్రాములు, ఫాంట్లు, అమరికలు అలాగే ఉండాలనుకునేవారికి ఇది అనుకూలం. ఇందుకు కొన్ని ఎస్‌ఎస్‌డీ సంస్థలు తమ వినియోగదారులకు ఉచిత ప్రోగ్రాములు ఇస్తాయి. క్లోన్‌జిల్లా కూడా ఉచితమే. కానీ సాధారణంగా కొత్త డిస్క్ పాతదాని కన్నా చిన్నదిగా ఉంటే అది అంగీకరించదు.

క్లోనింగ్‌లో అతి పెద్ద ప్రమాదం దిశ తారుమారు కావడం. ఖాళీ డిస్క్‌ను మూలంగా, నిండిన డిస్క్‌ను గమ్యంగా ఎంచుకుంటే సమాచారమంతా చెరిగిపోతుంది. డిస్క్ మోడల్ పేరు, పరిమాణం రెండూ సరిచూశాకే ముందుకు సాగాలి.

యంత్రం ఏళ్ల తరబడి అనవసర ప్రోగ్రాములతో నిండిపోయి ఉంటే, లేదా వైరస్ అనుమానం ఉంటే కొత్తగా విండోస్ ఇన్‌స్టాల్ చేయడం మంచిది. విండోస్ డిజిటల్ లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది. అందువల్ల డిస్క్ ఒక్కదాన్నే మార్చినప్పుడు సాధారణంగా మళ్లీ కొనాల్సిన అవసరం రాదు.

అమర్చే విధానం

1. కంప్యూటర్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసివేయాలి. తర్వాత పవర్ బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తు ఖర్చయిపోతుంది.

2. క్యాబినెట్ పక్క మూతను తీసి, రంగు లేని లోహ భాగాన్ని చేతితో తాకాలి. దీంతో శరీరంలోని స్థిర విద్యుత్తు పోతుంది. పని జరుగుతున్నంత సేపూ మధ్యమధ్య ఇలా తాకుతుండాలి. తివాచీ మీద కూర్చుని ఈ పని చేయకూడదు.

3. తీగలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి.

4. శాటా ఎస్‌ఎస్‌డీకి రెండు తీగలు కావాలి. సన్నని డేటా కేబుల్ మదర్‌బోర్డుకు, వెడల్పాటి పవర్ కేబుల్ ఎస్‌ఎంపీఎస్‌కు వెళ్తాయి. డేటా కేబుల్ ఎస్‌ఎస్‌డీ పెట్టెలో సాధారణంగా రాదు కాబట్టి విడిగా కొనాలి. రెండింటి కొనలూ ఎల్ ఆకారంలో ఉంటాయి. ఒక వైపే పడతాయి, బలవంతం చేయకూడదు.

5. ఎం.2 రకాన్ని స్లాట్‌లోకి సుమారు 30 డిగ్రీల కోణంలో చొప్పించి, మెల్లగా కిందికి నొక్కి చిన్న స్క్రూతో బిగించాలి. పైన హీట్‌సింక్ ఉంటే, దాని అడుగున ఉండే ప్యాడ్‌పై ప్లాస్టిక్ పొరను తొలగించడం మరవకూడదు.

ఒక హెచ్చరిక. విడదీయగల కేబుళ్లున్న ఎస్‌ఎంపీఎస్‌కు మరో కంపెనీ కేబుల్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ తగిలించకూడదు. కొన బిగువుగా సరిపోయినా లోపలి తీగల వరుస వేరుగా ఉండవచ్చు. అలాంటప్పుడు విద్యుత్తు ఇచ్చిన మరుక్షణమే డిస్క్ కాలిపోవచ్చు.

కొత్త డిస్క్ కనిపించకపోతే?

ఖాళీ డిస్క్ మొదట 'దిస్ పీసీ'లో కనిపించకపోవడం సహజం. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో దాన్ని ఇనిషియలైజ్ చేసి, విభజన సృష్టించాలి. సమాచారం ఉన్న డిస్క్‌కు మాత్రం ఇలా చేయకూడదు. అక్కడ కూడా లేకపోతే బయోస్‌లో చూడాలి. బయోస్‌లోనూ లేకుంటే కేబుల్ వదులుగా ఉందేమో, పోర్టు నిలిచిపోయిందేమో పరిశీలించాలి.

క్లోనింగ్ తర్వాత తొలిసారి ప్రారంభించేటప్పుడు పాత డిస్క్ కేబుల్‌ను తీసి ఉంచాలి. కొత్త డిస్క్ తనంతట తానే పనిచేస్తోందని అప్పుడే రుజువవుతుంది. తర్వాత పాతదాన్ని తగిలించి, బయోస్‌లో కొత్త డిస్క్‌ను మొదటి స్థానంలో ఉంచాలి.

పాత డిస్క్‌ను ఏం చేయాలి?

కనీసం కొన్ని వారాల పాటు దాన్ని చెరపకుండా ఉంచడం మంచిది. మరిచిపోయిన ఫైలేదో గుర్తుకు రావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.

అమ్మాలన్నా, ఎవరికైనా ఇవ్వాలన్నా ఫైళ్లను డిలీట్ చేయడం, క్విక్ ఫార్మాట్ చేయడం సరిపోదు. అవి విషయ సూచికను మాత్రమే చెరుపుతాయి. అసలు పుటలు అలాగే ఉంటాయి. హార్డ్ డిస్క్ మొత్తంపై కొత్త సమాచారాన్ని రాయించాలి. ఎస్‌ఎస్‌డీ అయితే తయారీ సంస్థ ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ సదుపాయాన్ని వాడాలి.

పనికిరాని డిస్క్‌ను చెత్తబుట్టలో వేయకూడదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనలు, 2022 ప్రకారం అలాంటి వస్తువుల పునర్వినియోగ బాధ్యత ఉత్పత్తిదారులపై ఉంది. నమోదైన రీసైక్లింగ్ సంస్థకు లేదా ఉత్పత్తిదారుల సేకరణ కేంద్రానికి దాన్ని అప్పగించాలి.