పురిటి జ్వరం: బాలింతలు ముందే చెప్పిన సాక్ష్యం

పురిటి జ్వరం చరిత్ర రాసినవాళ్లు ఎక్కువగా వియన్నా వైద్యుడు ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ చుట్టూనే రాస్తారు. ఆయన చేసిన మేలు చిన్నది కాదు. అయితే ఆ జబ్బు ఎక్కడ కాచుకుని ఉందో ఆయనకన్నా ముందే పసిగట్టింది కాన్పుకు వచ్చిన పేద స్త్రీలు. వియన్నా జనరల్ ఆసుపత్రిలో 1840 నుంచి ఒక ప్రసూతి విభాగంలో వైద్య విద్యార్థులు, రెండోదాంట్లో మంత్రసానులు శిక్షణ పొందేవారు. ఒక రోజు వచ్చినవాళ్లను ఒకదాంట్లో, మర్నాడు వచ్చినవాళ్లను రెండోదాంట్లో చేర్చుకునేవారు. 1846లో మొదటిదాంట్లో నూటికి 11 మందికి పైగా బాలింతలు చనిపోతే, రెండోదాంట్లో ముగ్గురు కూడా లేరు. ఈ తేడా ఊళ్లో ఆడవాళ్లకు తెలుసు. మొదటి విభాగం వంతు పడిన రోజున మోకాళ్ల మీద పడి, చేతులు జోడించి, అక్కడ మాత్రం చేర్చొద్దని బతిమాలేవారు. కొందరు దారిలోనే ప్రసవించి ఆ తర్వాత ఆసుపత్రికి వచ్చేవారు. వాళ్లకు జ్వరం రావడం అరుదు. జ్వరానికి కారణం ఊరి గాలిలోని దోషమే అన్న వైద్య పెద్దలకు ఇంతకన్నా గట్టి జవాబు ఏం కావాలి?

1847 మార్చిలో సెమ్మెల్‌వైస్ మిత్రుడు యాకోబ్ కొల్లెట్ష్కా, శవపరీక్షలో కత్తి గాటు పడి చనిపోయాడు. ఆయన శరీరంలో కనిపించిన మార్పులు బాలింతల శవాల్లో కనిపించినవే. శవాలను కోసిన చేతులతోనే విద్యార్థులు వచ్చి గర్భిణులను పరీక్షిస్తున్నారు. మంత్రసానులకు శవాలతో పని లేదు. మే నెల నుంచి సెమ్మెల్‌వైస్ మొదటి విభాగంలో విద్యార్థుల చేత క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. 1848లో రెండు విభాగాల్లోనూ మరణాలు నూటికి ఒకటి పైచిలుకే.

అయినా చాలామంది వైద్యులు ఆయన మాట నమ్మలేదు. సూక్ష్మక్రిముల సంగతి తెలియని కాలంలో వైద్యులు నమ్మకపోతే వాళ్లను తప్పుపట్టడం న్యాయమా అని అడిగేవారున్నారు. 1795లోనే అబర్డీన్‌లో అలెగ్జాండర్ గార్డన్, ఏ మంత్రసాని, ఏ వైద్యుడు చూసిన బాలింతలకు జ్వరం సోకిందో పట్టిక వేశాడు. తన వల్ల కూడా సోకిందని ఒప్పుకున్నాడు. 1843లో బోస్టన్‌లో ఆలివర్ వెండెల్ హోమ్స్ కూడా వైద్యుల ద్వారానే ఇది అంటుతోందని వాదించాడు. క్రిముల గురించి వీళ్లకూ తెలియదు. చనిపోయినవాళ్లను లెక్కపెట్టి చూశారు, అంతే. సెమ్మెల్‌వైస్ తన పుస్తకాన్ని 1861 దాకా తేలేదని, ఒప్పుకోనివాళ్లను హంతకులని నిందించి శత్రువులను పెంచుకున్నాడని అంటారు. నిజమే. కానీ 1848 అంకెలు చూడడానికి ఆ పుస్తకం అక్కర్లేదు, అవి ఆసుపత్రి లెక్కల్లోనే ఉన్నాయి. తన చేయే తల్లిని చంపుతోందని ఒప్పుకోవడం వైద్యుడికి బరువైంది. ఆ బరువును తప్పించుకున్నంత కాలమూ బాలింతలే మోశారు.

1879లో పాశ్చర్ ఈ జ్వరం తెచ్చే క్రిమిని చూపించాక సిద్ధాంతం కొరత కూడా తీరింది. అయినా ఇంగ్లండులో ప్రసూతి మరణాల రేటు 1930ల నడిమి దాకా పెద్దగా కదల్లేదు. లండన్ క్వీన్ షార్లెట్స్ ఆసుపత్రిలో లియొనార్డ్ కోల్‌బ్రుక్ సల్ఫా మందుతో పురిటి జ్వరాన్ని తగ్గించిన ఫలితాలు 1936లో వెలువడ్డాయి. వియన్నాలో చేతులు కడిగించి అప్పటికి 89 ఏళ్లు.