మా ఇసుకేమో రాజస్థాన్, మా ఊరేమో రామోజీ ఫిల్మ్ సిటీ

మొన్నామధ్య ఆఫీసు క్యాంటీన్లో టీ తాగుతుంటే, కొత్తగా చేరిన కుర్రాడొకడు "మీదే ఊరన్నా?" అని అడిగాడు. అనంతపురం అన్నాను. వాడి మొహం వెలిగిపోయింది. "అబ్బో, సుమోలు గాల్లోకి లేస్తాయే, ఆ ఏరియానా?" అన్నాడు.

నాకు ఇరవయ్యెనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో మా వైపు గాల్లోకి లేచిన సుమో ఒక్కటి కూడా చూళ్ళేదు. గాల్లోకి లేచిన ఇసుక మాత్రం చాలాసార్లు చూశాను. ఆ సంగతి వాడికి చెప్పేలోపు మీటింగ్ టైమైపోయింది. అందుకని ఇక్కడ చెప్పుకుంటున్నా. కాస్త పెద్ద టపానే, ఓపిగ్గా చదవండి.

ముందు ఇసుక సంగతి. అనంతపురం జిల్లాలో రాయదుర్గం దాటి బళ్ళారి వైపు పోతే బొమ్మనహాళ్ మండలం వస్తుంది. అక్కడ దర్గా హొన్నూరు అని ఒక ఊరు. ఆ ఊరి పక్కన వందల ఎకరాల్లో ఇసుక దిబ్బలున్నాయి. ఫోటో తీసి చూపిస్తే జైసల్మేర్ అంటారు ఎవరైనా. ఆ మాట సినిమావాళ్ళకి మనకంటే ముందే తెలిసింది. ఎడారి సీను కావాలంటే రాజస్థాన్ దాకా పోకుండా ఇక్కడికొచ్చి తీసుకుపోయిన యూనిట్లున్నాయి.

మా చిన్నాయనది ఆ పక్క పల్లెనే. ఒకసారి షూటింగుకి నీళ్ళ డ్రమ్ములు తోలడానికి ఆయన ఎద్దులబండి కుదుర్చుకున్నారట. ఒంటెల్ని లారీలో తెచ్చి దించినారని, వాటిని చూడ్డానికి చుట్టూ నాలుగు ఊళ్ళ జనం వచ్చినారని ఇప్పటికీ చెబుతాడు. తర్వాత ఆ సినిమా ఆడుతుంటే మా ఇంటిల్లిపాదినీ రాయదుర్గం తీసుకెళ్ళాడు. ఆ సీను రాగానే లేచి నిలబడి "అదో మా చేనుగట్టు!" అని అరిచాడంట. వెనకాలవాళ్ళు కూర్చోమన్నారు. తెర మీద మాత్రం 'రాజస్థాన్' అని అక్షరాలు పడ్డాయి.

"మా చేను సినిమాలో పడిందబ్బీ, మా ఊరు పడలేదు" అంటాడు చిన్నాయన. నవ్వుతూనే అంటాడనుకోండి.

సరే, ఇది మా ఒక్కళ్ళ బాధేనా అని కొంచెం వెనక్కి వెళ్ళి చూస్తే, అసలు తెలుగు సినిమా పుట్టుకే ఇలా ఉంది. మొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932) తీసింది బొంబాయిలో. 'లవకుశ' (1934) తీసింది కలకత్తాలో. అదే ఏడాది 'సీతాకల్యాణం'తో తెలుగు సినిమా మద్రాసుకి చేరింది. మధ్యలో 1936లో నిడమర్తి సూరయ్య గారు రాజమండ్రిలో దుర్గా సినీటోన్ అని స్టూడియో పెట్టారు గానీ, అది ఎక్కువ కాలం నడవలేదు.

ఎందుకలాగ? టాకీ అంటే శబ్దం. బయట కాకి అరిచినా రికార్డయిపోతుంది. అందుకని సౌండ్ బయటికి పోని, లోపలికి రాని ఫ్లోరు కావాలి. నిలకడైన కరెంటు కావాలి. తీసిన ఫిల్ముని కడగడానికి లాబ్ కావాలి. ఇవన్నీ ఒకేచోట ఉన్న ఊళ్ళు ఆ రోజుల్లో తక్కువే: బొంబాయి, కలకత్తా, తర్వాత మద్రాసు లాంటివి. మా భాషలో చెప్పాలంటే, కోడ్ ఎక్కడ రాసినా సర్వర్ ఉన్నచోటే రన్ అవ్వాలి కదా, అదన్నమాట.

పైగా మద్రాసంటే మనకి పరాయి ఊరేం కాదప్పట్లో. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా అనంతపురానికి రాజధాని మద్రాసే. ఇక్కడ నాకు గర్వంగా అనిపించే విషయం ఒకటుంది. మద్రాసులో వాహినీ స్టూడియో వెనక నిలబడ్డ మూలా నారాయణస్వామి గారిది తాడిపత్రి. 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) తీసిన కె.వి. రెడ్డి గారు పుట్టిందీ తాడిపత్రిలోనే. బి.ఎన్. రెడ్డి, నాగిరెడ్డి అన్నదమ్ములది పక్కనున్న కడప జిల్లా. అంటే తెలుగు సినిమాకి స్వర్ణయుగం అని మనం చెప్పుకునేదాంట్లో సగం ఇల్లు రాయలసీమవాళ్ళు కట్టిందే.

మరి వాళ్ళైనా రాయలసీమని చూపించారా? కథల్లో చూపించారు. కె.వి. రెడ్డి గారు 1947లో 'యోగి వేమన' తీశారు. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి దగ్గర, మా జిల్లాలోనే ఉండేది (2022లో జిల్లాని రెండు చేశాక శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళింది). బి.ఎన్. రెడ్డి గారి 'మల్లీశ్వరి' (1951) కృష్ణదేవరాయల కాలంలో జరుగుతుంది. హంపీ మా పొరుగే. విజయనగరం రాజులు తర్వాత రాజధానిగా చేసుకున్న పెనుకొండైతే మాదే. కానీ తెర మీద రాయలవారి రాజ్యం కళా దర్శకుడు ఎ.కె. శేఖర్ గారు మద్రాసులో వేసిన సెట్టు. ఎంత అందంగా వేశారంటే, నేను చిన్నప్పుడు మా అవ్వతో కూర్చుని టీవీలో చూసి, తర్వాత పెనుకొండ కోటకి వెళ్ళినప్పుడు అసలుదే నకిలీలా అనిపించింది.

వాళ్ళని తప్పుపట్టలేం. ఆ కెమెరాలు, ఆ లైట్లు, ఆ సౌండ్ బండి వేసుకుని పెనుకొండ కొండెక్కి సినిమా తీయమంటే ఎవరివల్ల అవుతుంది చెప్పండి.

తర్వాత కెమెరాలు తేలికయ్యాయి. జనం ఔట్ డోర్ కి బయల్దేరారు. ఎటు వెళ్ళారు? గోదారికి. 1964లో 'మూగమనసులు', 1967లో బాపు గారి 'సాక్షి' అక్కడే తీశారు. 'సాక్షి' అయితే దాదాపు మొత్తం పులిదిండి అనే ఊళ్ళోనే తీశారు. తర్వాత రంగులొచ్చాయి. రంగుల సినిమాకి పచ్చటి వరిచేలు, కొబ్బరిచెట్లు, పడవలు ఉంటే ఇంకేం కావాలి? అలా అలా "తెలుగు పల్లె" అంటే గోదారి పల్లె అని తెర మీద స్థిరపడిపోయింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని, చెనక్కాయ తప్ప ఇంకోటి కనబడని ఎర్రనేలలో డ్యూయెట్ ఎవడు తీస్తాడు?

ఈలోగా పరిశ్రమ హైదరాబాదుకి కదిలింది. ముందు సారథీ స్టూడియోస్ వచ్చింది, 1976లో అన్నపూర్ణ వచ్చింది, 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. రాష్ట్రంలో సినిమా తీస్తే రాయితీలని ప్రభుత్వమూ ప్రోత్సహించింది. మంచిదే. కానీ రాష్ట్రంలో తీయడం అంటే హైదరాబాదులో తీయడం అయింది. మద్రాసు నుంచి సినిమా మన రాష్ట్రానికొచ్చింది గానీ మన ఊరికి రాలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా సీమ కథలకి గిరాకీ పెరిగింది. 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఆది' (2002), 'ఇంద్ర' (2002). ముఠా కక్షలు మా దగ్గర లేవని నేననను. ఉన్నాయి, మనుషులు చచ్చారు, కొంపలు కూలాయి. కానీ సినిమాలకి కావలసింది ఆ కక్షల పేరే, ఆ ఊళ్ళు కావు.

నాకు బాగా నచ్చిన ఉదాహరణ మహేష్ బాబుది. 2003లో 'ఒక్కడు' వచ్చింది. అందులో కర్నూలు కొండారెడ్డి బురుజు అసలుది, చార్మినార్ మాత్రం సెట్టు. హైదరాబాదులోనే, చార్మినార్ ఉన్న ఊళ్ళోనే, శివార్లలో ఇంకో చార్మినార్ కట్టారు! అసలు చార్మినార్ చుట్టూ ఉండే జనాన్ని, బండ్లని, గాజుల దుకాణాల్ని ఆపి రాత్రుళ్ళు షూటింగ్ చేయడం ఎవరి తరం? పదిహేడేళ్ళ తర్వాత 2020లో 'సరిలేరు నీకెవ్వరు' వచ్చింది. ఈసారి కొండారెడ్డి బురుజుని కూడా రామోజీ ఫిల్మ్ సిటీలో కట్టేశారు. ఆ 'ఒక్కడు' వల్లే బురుజు అంత ఫేమస్ అయింది, ఫేమస్ అయ్యాక బురుజుతో పని లేకుండా పోయింది :)

'పుష్ప' (2021) చూడండి. ఎర్రచందనం కథ. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, వెలిగొండ లాంటి మన కొండల్లోనే. షూటింగ్ ఎక్కువగా జరిగింది గోదావరి అవతల మారేడుమిల్లి అడవుల్లో. ఎర్రచందనం పెరిగే అడవి ఎండు అడవి, కురచ చెట్లు, రాళ్ళు. మారేడుమిల్లి దట్టంగా, తేమగా, పచ్చగా ఉంటుంది. చిత్తూరు యాస పెట్టి మారేడుమిల్లి చూపిస్తే జనం చిత్తూరే అనుకున్నారు. నేనూ అనుకున్నా మొదటిసారి.

ఇది తెలుగువాళ్ళ అలవాటే అనుకోవద్దు. 'షోలే' (1975)లో రామ్‌గఢ్ ఉత్తరాది ఊరు, తీసింది బెంగళూరుకి యాభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రామనగరలో. అక్కడి గుండ్లు మా గుత్తి, పెనుకొండ గుండ్లకి అక్కచెల్లెళ్ళే. 'లగాన్' (2001)లో మధ్య భారతంలో ఒక కరువు ఊరు, తీసింది కచ్ లో. 'ఆర్ఆర్ఆర్'లో నాటు నాటు పాట జరిగేది 1920ల ఢిల్లీలో, తీసింది 2021లో ఉక్రెయిన్ రాజధాని కీవ్ లో, అధ్యక్ష భవనం ముందు. ఆర్నెల్లు తిరిగేసరికి అక్కడ యుద్ధం మొదలైంది.

మరి ఎందుకిలా జరుగుతుందంటే, నాకర్థమైనంతలో కారణాలు నాలుగు.

ఒకటి, డబ్బు. అనంతపురం నుంచి హైదరాబాదు మూడొందల అరవై కిలోమీటర్ల పైచిలుకు. వంద మందికి పైగా ఉండే యూనిట్ ని అంత దూరం తీసుకొచ్చి, లాడ్జీలు, భోజనాలు, బత్తాలు ఇవ్వాలి. అదే సెట్టయితే సాయంత్రానికి ఎవరింటికి వాళ్ళు పోతారు.

రెండు, హీరోగారి కాల్షీట్లు. పొద్దున ఫైటు, మధ్యాహ్నం డబ్బింగు ఒకే ఊళ్ళో అయిపోవాలి.

మూడు, అదుపు. అసలు ఊళ్ళో జనం గుమిగూడతారు, మబ్బులొస్తాయి, పర్మిషన్లు ఆలస్యం అవుతాయి. సెట్టు చెప్పినట్టు వింటుంది. మేము ప్రొడక్షన్ సర్వర్ మీద టెస్టింగ్ చేయకుండా వేరే డమ్మీ పెట్టుకుంటామే, అచ్చం అలాగే.

నాలుగు, మనమే. ప్రేక్షకులం. యాస కుదిరితే చాలు, ఊరు ఏదైనా ఒప్పేసుకుంటాం. అడిగేవాడు లేనప్పుడు వాళ్ళు మాత్రం ఎందుకు ఖర్చు పెడతారు?

ఇంతవరకూ రాసి చిన్నాయనకి ఫోన్ చేశా, ఆ సినిమా పేరేదో కనుక్కుందామని. పేరు గుర్తులేదన్నాడు. ఇసుక ఎలా ఉందని అడిగా. "ఈ యేడు ఇంకో ముప్పావు ఎకరా తినింది" అన్నాడు.

ఇదీ అసలు సంగతి. దర్గా హొన్నూరు ఎడారి దేవుడు చేసింది కాదు. పక్కనే వేదవతి, మేము హగరి అంటాం. పైన కర్ణాటకలో మైసూరువాళ్ళు 1907 నాటికే వాణీవిలాస సాగరం కట్టారు. తర్వాత ఇటు భైరవానితిప్ప ప్రాజెక్టు వచ్చింది. కింద ఏరు ఎండింది. ఏట్లో ఇసుక మిగిలింది. మరోపక్క ఒకప్పుడు కొర్రలు, సజ్జలు, జొన్నలు, గట్ల మీద చెట్లు ఉన్న నేలంతా చెనక్కాయ అయింది. చెట్లు పోయాయి, బోర్లు లోతుకి పోయాయి. ఆషాఢంలో గాలి లేస్తే ఇసుకని ఆపేదేమీ లేదు. చేన్ల మీదికొస్తుంది. రైతులు ట్రాక్టర్లు పెట్టి దిబ్బల్ని చదును చేస్తారు, మరుసటి ఏడాది మళ్ళీ వస్తుంది.

అంటే సినిమావాళ్ళకి ఉచితంగా దొరికిన ఆ సెట్టు వేయడానికి వంద సంవత్సరాలు పట్టింది. ఖర్చు మాత్రం మా చిన్నాయనలాంటి వాళ్ళు పెట్టుకున్నారు.

అసలైన ఊళ్ళోనే తీయండి అని నేనేమీ ఉద్యమం చేయట్లేదు. 'మల్లీశ్వరి' మద్రాసులో తీసినందుకు నాకేం బాధ లేదు, ఇంకో పదిసార్లు చూస్తా. ఊరు వేరైనా ఆ కథలో మనుషులు మనవాళ్ళే అనిపిస్తారు. నా బాధల్లా, మాకు కథ ఇచ్చినప్పుడు మా నేల లేదు, మా నేల చూపినప్పుడు మా పేరు లేదు. కత్తులు పట్టుకునేటప్పుడు అనంతపురం, కరువు కనబడేటప్పుడు రాజస్థాన్. రెండూ కలిపి ఒక్క సినిమాలో పెడితే, మీటింగ్ కి పరిగెత్తే ఆ కుర్రాడికి నేనింత రాయాల్సిన పని ఉండేది కాదు.

ఈసారి ఊరెళ్ళినప్పుడు వాణ్ణి కూడా తీసుకెళ్దామనుకుంటున్నా. సుమో లేదు, బళ్ళారి బస్సే. ఇసుక చూపించి, చిన్నాయన ఇంట్లో సంగటి పెట్టించి తీసుకొస్తా. ఒంటెలేవని మాత్రం అడక్కూడదని ముందే చెప్పాలి.