మైలోమా: ఊపిరితిత్తుల్లో, చర్మంపై అరుదైన చిక్కులు

మల్టిపుల్ మైలోమా ఎముకల మూలుగలో పుట్టే క్యాన్సర్. యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరుగుతాయి. ఎముకల నొప్పి, రక్తహీనత, మూత్రపిండాలు దెబ్బతినడం దీని మామూలు లక్షణాలు. ఛాతీలో నీరు చేరడం, చర్మం కమలడం అరుదు. అరుదు కాబట్టి వాటిని తలచుకోనక్కర్లేదన్న మాట కర్నూలు, కడప జిల్లాల్లో మరీ ప్రమాదం. ఇక్కడ ఛాతీలో నీరు పడితే టీబీ అంటారు, నాపరాళ్ల గనుల్లో పనిచేసినవారు దగ్గితే దుమ్ము అంటారు, సేద్యగాడి నడుము నొప్పికి వయసు అంటారు. వేరే జబ్బును వెతకాలన్న ఆలోచనే రాదు.

మైలోమా రోగుల్లో సుమారు 6 శాతం మందికి ఛాతీలో నీరు చేరుతుంది. చాలావరకు గుండె బలహీనత, మూత్రపిండాల వైఫల్యం, అల్బుమిన్ తగ్గడం, నెమ్ము కారణాలు. క్యాన్సర్ కణాలే ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరలోకి పాకడం 1 శాతం లోపే. అయితే టీబీ అనుమానంతో ఆ నీటిలో కొలిచే ఏడీఏ అనే ఎంజైము మైలోమాలోనూ పెరగవచ్చు. ఆ ఒక్క అంకెను నమ్మి ఆరు నెలల టీబీ మందులు మొదలుపెడితే, అన్నాళ్లూ క్యాన్సర్‌ను పెరగనిచ్చినట్టే. టీబీ ఇంత ఎక్కువగా ఉన్నచోట ముందు దాన్నే అనుమానించడం తప్పా అని అడగవచ్చు. తప్పు కాదు. పైగా రోగనిరోధక శక్తి తగ్గిన మైలోమా రోగికి నిజంగానే టీబీ రావచ్చు, ఒకటి తేలితే రెండోది లేనట్టు కాదు. టీబీ పరీక్ష మానాలని ఎవరూ అనరు; ఎలాగూ తీసిన నీటిలో కొంత సైటాలజీకి, అంటే కణాల పరీక్షకు కూడా పంపితే చాలు, మళ్లీ సూది గుచ్చే పని లేదు. అందుకు హైదరాబాదో బెంగళూరో పోవాలన్న అభ్యంతరమూ నిలవదు. కర్నూలు వైద్య కళాశాల 1956 నుంచి ఉంది, కడపలో 2006లో వచ్చింది. కణాలను సూక్ష్మదర్శినిలో చూడడం ఏ పాథాలజీ విభాగానికైనా రోజువారీ పని.

చర్మం ఇంకా ముందుగా చెప్పగలదు. మైలోమా రోగుల్లో 10 నుంచి 15 శాతం మందికి అమిలాయిడ్ అనే ప్రొటీన్ అవయవాల్లో పేరుకుంటుంది. రక్తనాళాల గోడల్లో చేరితే అవి పెళుసుబారి, దెబ్బ తగలకుండానే, గట్టిగా దగ్గినా కనురెప్పల చుట్టూ ఊదారంగు మచ్చలు పడతాయి. కొందరికి నాలుక లావెక్కుతుంది. చర్మం కిందే ప్లాస్మా కణాల గడ్డలు లేవడం మరింత అరుదు, జబ్బు బాగా ముదిరిందనడానికి గుర్తు. చికిత్సలో వాడే బోర్టెజోమిబ్ వల్ల అక్కి లేచే అవకాశం పెరుగుతుంది, అందుకే ముందుజాగ్రత్తగా ఎసైక్లోవిర్ ఇస్తారు. బోర్టెజోమిబ్ వాడేవారు అక్కి రాయించుకుని ఊరుకోకూడదు.

అరవై దాటిన మనిషికి వదలని నడుము నొప్పి, రక్తహీనతలతో పాటు ఛాతీలో నీరో, కళ్ల చుట్టూ ఊదా మచ్చలో కనబడితే, మైలోమా కోసం చేసే సీరం ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అనే రక్తపరీక్ష అవసరమా అని డాక్టరుగారిని అడగండి.