కాలువ నాచు నుంచి గాజు తోట దాకా

పదో తరగతి చదివిన వాళ్లందరికీ హైడ్రిల్లా ప్రయోగం గుర్తుండే ఉంటుంది. బీకరు నీళ్లలో నాచు మొక్క, దాని మీద బోర్లించిన గరాటు, గరాటు కాడ మీద నీళ్లు నింపిన పరీక్షనాళిక. ఎండలో పెట్టిన కాసేపటికి కాడల నుంచి సన్నని బుడగలు ఒకదాని వెనక ఒకటి పైకి పోతాయి. మాచర్ల, గురజాల, నరసరావుపేట వాళ్లకు ఆ నాచు కొత్త కాదు. చెరువుల్లో, సాగర్ కుడికాలువ కింద పిల్లకాలువల్లో పెరిగేదే, రైతు విసుక్కుంటూ పీకి గట్టున పడేసేదే. ఈ రోజు ముందుగదిలో చేపల కంటే మొక్కలకే పెద్దపీట వేసి పెంచుతున్న ‘ప్లాంటెడ్ అక్వేరియం’ వంశవృక్షం వెతుక్కుంటూ పోతే ఆ బుడగల దగ్గరికే చేరతాం.

ఆ బుడగల గుట్టు 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ విప్పాడు. నీళ్లలో ముంచిన ఆకులు వెలుతురు ఉన్నప్పుడే మంచి గాలి వదులుతాయని, చీకట్లో వదలవని చూపించాడు. దాన్ని చేపలున్న తొట్టెకు అన్వయించి చూడటానికి మరో డెబ్బయ్యేళ్లు పట్టింది. ఆ పని చేసినవాడు రాబర్ట్ వారింగ్టన్ అనే లండన్ రసాయన శాస్త్రవేత్త.

ఆయన తొట్టెను కాస్త దగ్గరగా చూడాలి. పన్నెండు గ్యాలన్లు పట్టే గాజు పాత్ర. లండన్ మసి పడకుండా మూతికి రాగి తీగ చట్రం మీద పల్చని మస్లిన్ గుడ్డ. అడుగున ఇసుక, బురద, వాటి మీద సున్నపురాళ్లు, ఇసుకరాళ్లు. సగం దాకా ఊటనీరు. రెండు చిన్న బంగారు చేపలు, బురదలో వేళ్లు నాటిన ఒక వాలిస్నేరియా మొక్క. వాలిస్నేరియా అంటే పచ్చని రిబ్బన్లలా నిలువుగా పెరిగే నీటి గడ్డి. కొన్నాళ్లు అంతా బాగానే సాగింది. తర్వాత ముదురాకులు కుళ్లాయి, నీళ్లు మసకబారాయి, గాజుకు పచ్చని జిగురు పట్టింది. అప్పుడాయన చెరువు నత్తల్ని తెచ్చి వేశాడు. నత్తలు కుళ్లిన ఆకుల్ని, జిగురును తినేశాయి. అవి పెట్టిన గుడ్లు చేపలకు మేతయ్యాయి. చేపల మలం మొక్కకు ఎరువైంది, మొక్క వదిలిన ప్రాణవాయువు చేపలకు ఊపిరైంది. ఈ లెక్కంతా 1850లో కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు. అందరూ బంగారు చేపల్నే తలుచుకుంటారు గానీ, ఆ తొట్టెను నిలబెట్టింది నత్త.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. బ్రిటన్‌లో 1845లోనే గాజు మీద పన్ను ఎత్తేయడంతో గాజు అందుబాటులోకి వచ్చింది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాల చేపల భవనం తెరిచింది. మరుసటేడు ఫిలిప్ హెన్రీ గాస్ ‘ది అక్వేరియం’ పుస్తకంతో ఆ పేరు ఇంటింటికీ చేరింది.

మొక్కలు మాత్రం ఇంగ్లండువే కానక్కర్లేదు. సామర్లకోటలో ఉండి మన తీరపు మొక్కల్ని బొమ్మలు గీయించి నమోదు చేసిన విలియం రాక్స్‌బర్గ్, 1793లో కలకత్తా తోటకు వెళ్లేముందే మన నీటి మొక్కల్ని కూడా శ్రద్ధగా చూశాడు. ఈనాటి తొట్టెల్లో ముద్దుగా పెంచుకునే బ్లిక్సా జాతిలో ఒక మొక్కను ఆయన కోరమాండల్ మొక్కల గ్రంథంలో వాలిస్నేరియా కింద వర్ణించాడు. గులాబి రంగు తిరిగే రోటాలా రొటండిఫోలియా మన దేశంలో సహజంగా పెరిగేదే. హైడ్రిల్లాకైతే ఇంకో బతుకు కూడా ఉంది. బెంగాలులో చక్కెర శుద్ధి చేసేవాళ్లు తడినాచును ముడి చక్కెర మీద పరిచేవాళ్లు. దాన్నుంచి మెల్లగా దిగే నీరు మడ్డిని కిందికి లాక్కుపోయి చక్కెరను తెల్లబరిచేది.

1930ల నాటికి నెదర్లాండ్స్ వాళ్లు తొట్టెలో మొక్కల్ని రంగుల వారీగా వరసలు తీర్చి పూలమడిలా పెంచే పద్ధతికి రూపమిచ్చారు. ఆ వరసల్ని చెరిపేసి కొండలు, అడవులు, పచ్చికబయళ్లు కళ్లకు కట్టించినవాడు జపాన్‌లోని నీగాతాకు చెందిన తకాషి అమానో. వృత్తి సైకిల్ పందేలు, తర్వాత ఫొటోగ్రఫీ. 1982లో సొంత సంస్థ పెట్టి మొక్కలకు బొగ్గుపులుసు వాయువు అందించే పరికరాలు, ప్రత్యేక మట్టి తయారుచేశాడు. 2015లో కన్నుమూసేముందు లిస్బన్ ఓషనేరియంలో 40 మీటర్ల పొడవున నీటి అడవిని నాటి వెళ్లాడు. అందానికి అంతకు మించిన గురువు లేడు. కానీ పల్నాడులో తొలి తొట్టె పెట్టుకునేవాళ్లు అమానో దగ్గర మొదలుపెట్టకూడదని నా గట్టి నమ్మకం. వారింగ్టన్ దగ్గర మొదలుపెట్టాలి.

కారణం మన రాయిలో ఉంది. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు రాయినిచ్చిన నేల ఇది. ఇక్కడి బోరునీళ్లు చాలాచోట్ల గట్టినీళ్లు. జపాన్ తరహా సుకుమారమైన మొక్కల్లో చాలావాటికి అవి పడవు. హైడ్రిల్లా, వాలిస్నేరియా మాత్రం గట్టినీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్ నుంచే తమకు కావలసిన కార్బన్ లాక్కోగలవు. గ్యాసు సిలిండరు అక్కర్లేదు. బాగా వెలుతురు తగిలిన ఆకుల మీద సున్నపు పొర కడితే అది ఈ పని తాలూకు గుర్తే. వారింగ్టన్ వేసిన సున్నపురాయి, నాటిన వాలిస్నేరియా ఒకదానికొకటి ఎందుకు కుదిరాయో ఇక్కడి నీళ్లు చూస్తే తెలుస్తుంది. ఏ రాయి ఏదో తెలుసుకోవాలంటే నాలుగు చుక్కల నిమ్మరసం వేయండి. నురగ వస్తే సున్నం ఉన్నట్టే.

అడుగున జల్లించిన మట్టి ఒక అంగుళం, పైన కడిగిన ఇసుక రెండు అంగుళాలు. ఇసుక మీద పళ్లెం పెట్టి దాని మీద నీళ్లు పోస్తే మట్టి లేవదు. బ్లీచింగ్ వేసిన కుళాయి నీరైతే ముందురోజే పట్టి ఉంచాలి. మొక్కలు మొదటిరోజే ఒత్తుగా నాటాలి, పల్చగా నాటితే ఖాళీ జాగాను పాచి ఆక్రమిస్తుంది. దీపం రోజుకు ఏడెనిమిది గంటలు చాలు. చేపల మలం నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులు స్థిరపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. అందాకా చేపల్ని తేవద్దు. ఆ తర్వాత గప్పీలు గట్టినీళ్లలో హాయిగా బతుకుతాయి. రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకు వేసవి సంగతి చెప్పనక్కర్లేదు. నీటి మీదికి ఫ్యాను గాలి తగిలేలా పెడితే వేడి తగ్గుతుంది. కానీ ఆవిరైపోయేది నీరే, సున్నం తొట్టెలోనే ఉండిపోతుంది. అందుకే పైపైన పోస్తూ పోకుండా వారానికోసారి కొంత నీరు తీసి కొత్తది పోయాలి.

పెరిగిపోయి కత్తిరించిన కొమ్మల్ని మాత్రం కాలువలో వేయకండి. 1950ల్లో అక్వేరియం మొక్కల వ్యాపారం ద్వారా అమెరికా చేరిన హైడ్రిల్లా ఫ్లోరిడా కాలువల్లోకి జారి నదుల్ని, సరస్సుల్ని కమ్మేసింది. దాన్ని అదుపు చేయడానికి అక్కడ ఇప్పటికీ కోట్ల డాలర్లు పోస్తున్నారు. మనవైపు అలాంటి నష్టం సక్కర్ చేపతో జరుగుతోంది. పాచి తింటుందని కొన్న ఈ దక్షిణ అమెరికా చేప చెయ్యంత పెరిగేసరికి ఎవరో ఒకరు చెరువులో వదిలేస్తారు. దెయ్యం చేప అని మనవాళ్లు తిట్టుకునేది దాన్నే, వలల్ని చింపేస్తుంది. కొమ్మల్ని ఎండబెట్టి కూరపాదుల్లో వేయండి, పాచి తినే పని నత్తకు అప్పగించండి.