‘ఎరుడైట్’ అనే విశేషణం: పాండిత్యం విలువ మారిన చరిత్ర

ఆంగ్లంలోని ‘ఎరుడైట్’ అనే విశేషణానికి ‘పాండిత్యం గల’, ‘బహుశ్రుతుడైన’ అని అర్థం చెప్పుకుంటున్నాం. అర్థం సరైనదే. కాని ఆ పదం ఒకచోట ప్రశంసగాను, మరొకచోట సన్నని ఎత్తిపొడుపుగాను ఎందుకు వినిపిస్తుందో ఈ సమానార్థకాలు చెప్పవు.

లాటిన్‌లో ‘రుడిస్’ అంటే మొరటుది, చెక్కనిది. ఆ స్థితి నుంచి బయటికి తీసుకురాబడినవాడు ‘ఎరుడీటుస్’. అమర్యాదను సూచించే ఆంగ్లపదం ‘రూడ్’కు కూడా మూలం ఇదే. మన ‘బహుశ్రుతుడు’లో వినడం ప్రధానం, లాటిన్ పదంలో నునుపు తేల్చడం ప్రధానం. అయితే పదం గౌరవాన్ని నిర్ణయించింది వ్యుత్పత్తి కాదు, 18వ శతాబ్దపు ఫ్రెంచి వివాదం.

అంతకుముందు, 1681లో, బెనెడిక్టైన్ సన్యాసి జాఁ మాబియోఁ ‘దె రె డిప్లొమాటికా’ ప్రచురించాడు. పాత దానపత్రాల లిపి, భాష, ముద్రలు, కాలనిర్దేశ పద్ధతి పరిశీలించి అసలు పత్రాన్ని కూటపత్రం నుంచి వేరుచేసే మార్గం అందులో ఉంది. మన తామ్రశాసనాలలో కూటశాసనాలను గుర్తించే పరిశోధకులు చేసే పని కూడా దాదాపు ఇదే. దీనిని వట్టి జ్ఞాపకశక్తి అనడం కష్టం. అయినా 1751లో ఫ్రెంచి విజ్ఞానసర్వస్వానికి రాసిన పీఠికలో దాలంబేర్ అన్నది అదే: పండితులది జ్ఞాపకశక్తి, తత్త్వవేత్తలది హేతువు, సాహిత్యకారులది కల్పన. ఐరోపా మేధాప్రగతి పాండిత్యంతో మొదలై, సాహిత్యం మీదుగా తత్త్వాన్ని చేరిందని కూడా అతడు క్రమం చెప్పాడు. ఆ క్రమంలో పాండిత్యం తొలిమెట్టు, అంటే దాటిపోవలసిన మెట్టు.

ఎడ్వర్డ్ గిబ్బన్ ఈ చులకనను అంగీకరించలేదు. 1761లో ఫ్రెంచిలోనే రాసిన తన తొలి గ్రంథంలో ప్రాచీన సాహిత్యాధ్యయనాన్ని సమర్థించాడు. 1776–1788 మధ్య వెలువడిన రోమన్ సామ్రాజ్య చరిత్ర ఆరు సంపుటాలలో పండితుల సామగ్రిని, తాత్త్విక చరిత్రకారుల దృష్టిని కలిపాడు. గిబ్బన్ ప్రత్యేకత ఈ కలయికలోనే ఉందని 20వ శతాబ్దంలో ఆర్నాల్డో మొమిల్యానో నిరూపించాడు.

తెలుగులోనూ ఇటువంటి విభజన ఉందని నా అభిప్రాయం. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ను విమర్శ చరిత్రలో విస్తారంగా చర్చిస్తాం, 1909లో నన్నెచోడుని ‘కుమారసంభవము’ను వెలుగులోకి తెచ్చిన మానవల్లి రామకృష్ణకవిని పరిష్కర్తగా ఒక్క మాటతో దాటిపోతాం. నన్నెచోడుడు నన్నయకు పూర్వుడన్న ఆయన వాదాన్ని తరువాతివారు చాలామంది అంగీకరించలేదు. కాని ఆదికవి ఎవరన్న ప్రశ్నను మళ్లీ తెరిచింది ఆ ముద్రణే. ఆ వాదాన్ని ఖండించినవారు కూడా శాసనాలనూ ఛందస్సునూ ప్రాచీన ప్రయోగాలనూ ఆశ్రయించవలసి వచ్చింది.