ఎవరెస్ట్‌ని తాకిన ఆ అవలాంచ్, 1922

ఎవరెస్ట్ అనగానే మనకి 1953, హిల్లరీ, టెన్జింగ్ గుర్తొస్తారు. ఈ ఎపిసోడ్‌లో ఇంకో 31 ఏళ్ళు వెనక్కి వెళ్దాం.

1922 జూన్ 7. బ్రిటిష్ టీమ్ టిబెట్ వైపు నుంచి మూడోసారి ట్రై చేస్తోంది. మాలరీ, సోమర్‌వెల్, క్రాఫర్డ్, వాళ్ళ వెనక 14 మంది పోర్టర్లు. అప్పటికే వర్షాకాలం మంచు బాగా కురిసింది. ఒకరోజు ఎండ కాసింది కదా, గట్టిపడి ఉంటుందిలే అనుకున్నారు.

కానీ కొత్త మంచు పైకి గట్టిగా కనిపించినా, కింది పాత పొరకి అతుక్కోకపోవచ్చు. అలాంటి ఏటవాలు మీద మనుషుల బరువు పడితే చాలు, పై పొర మొత్తం పలకలా విరిగి జారిపోతుంది. నార్త్ కోల్ కింద అదే జరిగింది. ముందు తాడుకి కట్టుకున్నవాళ్ళు మంచులో కూరుకుపోయి కూడా బయటపడ్డారు. చివరి రెండు తాళ్ళలో ఉన్న తొమ్మిది మంది పోర్టర్లు మాత్రం మంచుగోడ అంచు దాటి కింద పగుల్లో పడిపోయారు. ఇద్దరే బతికారు.

పోయిన ఏడుగురిలో ఒక్క బ్రిటిషర్ కూడా లేడు. మాలో ఒకరైనా పోయి ఉండాల్సిందని సోమర్‌వెల్ తర్వాత బాధపడ్డాడు. ఈయన సర్జన్ కూడా, ఆ తర్వాత మన దక్షిణాదికే వచ్చి నెయ్యూర్ మిషన్ ఆస్పత్రిలో ఏళ్ళ తరబడి పనిచేశాడు.

1924లో షామొనీ వింటర్ ఒలింపిక్స్‌లో ఈ టీమ్‌కి మెడల్స్ ఇచ్చారు. చనిపోయిన ఆ ఏడుగురు పోర్టర్లకీ ఇచ్చారు.