ఏకశిలా సాఫ్ట్‌వేర్ నుంచి మైక్రోసర్వీసులకు మార్పు

ఒకే కోడ్, ఒకే డేటాబేస్‌తో నడిచే పాత ఏకశిలా (మోనోలిథిక్) సాఫ్ట్‌వేర్‌ను వేటికవే నడిచే చిన్న సేవలుగా విడదీయడమే ఈ మార్పు. ఒక్కో సేవకు సొంత డేటా ఉంటుంది. ఒక సేవను మార్చడానికి మిగతావాటిని ఆపనక్కరలేదు.

అసలు చిక్కు లావాదేవీల దగ్గర వస్తుంది: ఒకే పనిలోని అడుగులు వేర్వేరు చోట్ల పడితే, ఒకటి పూర్తయి మరొకటి ఆగిపోవచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్ రైతులకు ఇది అనుభవంలో ఉన్నదే. 1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన కార్డ్ పథకం సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాలను కంప్యూటరీకరించింది, మ్యుటేషన్ (పట్టా మార్పు) మాత్రం రెవెన్యూ శాఖ చేతిలోనే ఉండిపోయింది. రిజిస్ట్రేషన్ అయ్యాక పట్టా మార్పు కోసం రైతు మళ్లీ తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగాల్సి వచ్చేది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ప్రారంభమైన ధరణి పోర్టల్, వ్యవసాయ భూములకు ఈ రెండింటినీ తహసీల్దారు వద్దే ఒక్క పనిగా కలిపింది. అందులో దరఖాస్తులకు చాలా మాడ్యూళ్లు ఉండేవి. తెర మీద అలా విడగొట్టినంత మాత్రాన అవి మైక్రోసర్వీసులు అయిపోవు.

ఇలాంటి వ్యవస్థను విడదీస్తే రిజిస్ట్రేషన్ పూర్తయి మ్యుటేషన్ మధ్యలో ఆగే ప్రమాదం తిరిగి వస్తుంది. అందుకే ‘సాగా’ పద్ధతిలో ప్రతి అడుగుకూ దాన్ని రద్దుచేసే అడుగును ముందే రాసిపెడతారు. ఎప్పుడూ కలిసే జరగాల్సిన పనులనైతే ఒకే సేవలో ఉంచడమే మేలు.

మార్టిన్ ఫౌలర్ 2004లో వివరించిన ‘స్ట్రాంగ్లర్ ఫిగ్’ పద్ధతిలో, పాతది నడుస్తుండగానే ఒక్కో పనిని కొత్త సేవకు మళ్లిస్తారు. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో వచ్చిన భూభారతిని మొదట నాలుగు మండలాల్లోనే అమలుచేశారు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని మద్దూరు వాటిలో ఒకటి. అది పనులవారీ మళ్లింపు కాక మండలాలవారీ విస్తరణే అయినా, లోపాలను చిన్న పరిధిలోనే పట్టుకోవాలన్న జాగ్రత్త రెండింటిలోనూ ఉంది.